మూత టోపీ

ముప్పై ఆరేళ్ళు ఆర్టీసీలో పనిచేశాను. అందులో ఇరవై ఆరేళ్ళు టికెట్ చెకింగే. బస్సెక్కగానే నేను మొహాలు చూడను, చేతులు చూస్తాను. టికెట్ ఉన్నవాడి చెయ్యి జేబులోకి పోతుంది. లేనివాడి చెయ్యి కిటికీ ఊచ మీదికి పోతుంది, చూపు బయటికి పోతుంది, దిల్‌సుఖ్‌నగర్ చౌరస్తాను ఆ రోజే మొదటిసారి చూస్తున్నట్టు. రిటైరై ఎనిమిదేళ్ళయినా ఆ బుద్ధి పోలేదు. కూరగాయలవాడి తక్కెడ చూస్తాను, గ్యాస్ సిలిండర్ సీలు చూస్తాను, పెళ్ళి పత్రిక వస్తే వెనక్కి తిప్పి కూడా చూస్తాను. అనుమానం పెనుభూతం అంటుంది నా భార్య స్వరూపరాణి. ఉండొచ్చు. మన్సూరాబాద్‌లో ఈ ఇల్లు కట్టించింది ఆ భూతమే.

అందుకే మంగళవారం పొద్దున ఫోన్‌లో ఆ మెసేజ్ చూడగానే నవ్వొచ్చింది. పిట్టలగూడెం బక్కయ్య గారి కొడుకు యోగేందర్ గారు మీరేనా అని మొదలు. మీ నాన్నగారి గురించి మాట్లాడాలి, మీ సంతకం ఒకటి, ఆధార్ కాపీ ఒకటి కావాలి అని చివర. కింద జోస్నా అని పేరు. మా నాయిన పోయి ఇరవై రెండేళ్ళయింది. చచ్చినవాడి పేరు చెప్పి బతికున్నవాడి ఆధార్ అడిగేవాళ్ళు ఎవరో చెప్పడానికి చెకింగ్ ఇన్‌స్పెక్టరే కానక్కరలేదు. మా పక్కింటి అంతయ్యను కిందటేడు ఎవడో పోలీసునని చెప్పి మూడు రోజులు ఫోన్ ముందు నుంచి లేవనియ్యలేదు. ఆ నంబర్‌ను బ్లాక్ చేసి నా ఉప్మా నేను తిన్నాను.

మధ్యాహ్నం ఇంకో నంబర్ నుంచి ఫోన్ వచ్చింది. బస్సు హారన్ల పుణ్యాన నాకు ఎడమ చెవి సరిగా వినిపించదు, ఎప్పుడూ స్పీకర్ పెట్టే మాట్లాడతాను. ఆడపిల్ల గొంతు. కట్ చెయ్యకుండ్రి అంకుల్ అని బతిమాలి, మీ నాయిన ఒక పాత ఇంగ్లీష్ సినిమాలో ఉన్నాడు, లండన్‌లో తీసింది అంది. నేను కట్ చేశాను.

కాని ఆ మాట అప్పటికే వరండాలో పడింది. మా అమ్మ అండాలమ్మ అక్కడే కూర్చుని వెల్లుల్లి ఒలుస్తోంది. ఎనభై ఆరేళ్ళు. చూపు దాదాపు పోయింది, వెలుతురూ నీడా తప్ప తెలియదు. చెవులు మాత్రం పిల్లి చెవులు. ఆమె చేతులు ఆగిపోయాయి.

"లండన్ సినిమానా?" అంది.

దొంగ ఫోన్ అని చెప్పాను. ఈ రోజుల్లో ఇట్లాంటివి వంద వస్తాయని, ముందు ఊరూ పేరూ చెప్పి నమ్మించి తర్వాత ముంచుతారని వివరంగా చెప్పాను. అమ్మ విన్నది. వెల్లుల్లి చాట పక్కకు నెట్టి లోపలికి పోయింది. ఆ రాత్రి అన్నం సగంలో వదిలేసింది. తెల్లారి బుధవారం నేను చాయ్ ఇస్తుంటే నా మణికట్టు పట్టుకుంది.

"పోయి సూసి రా. దొంగలైతే పట్టుకొని రా. నీకు అదేగ పని."

ఆ మాటలో ముల్లు ఉంది. ఎందుకుందో చెప్పాలంటే మా నాయిన సంగతి చెప్పాలి.

మా నాయిన బక్కయ్య పడుచువాడిగా సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లో ఒక ఇంగ్లీష్ కెప్టెన్ దగ్గర పని చేశాడు. తెల్లవాళ్ళు పోతున్నప్పుడు ఆ కెప్టెన్ ఓడలో తన వెంట తీసుకుపోయాడు. రెండేళ్ళు ఉండి వచ్చేశాడు. ఇంతవరకు ఊళ్ళో అందరూ నమ్మారు. తర్వాతిదే ఎవరూ నమ్మలేదు. ఆ కెప్టెన్ తమ్ముడు సినిమాలు తీసేవాడట. సినిమా అంటే కథా కాకరకాయా ఏమీ లేదు, ఒకడొచ్చి పాడతాడు, ఒకడు గారడీ చేస్తాడు, ఇద్దరు అక్కచెల్లెళ్ళు బూట్లు టకటకలాడిస్తారు, మధ్యమధ్య ఎర్రముక్కు పెట్టుకున్న దొర ఒకడు నవ్విస్తాడు. డబ్బులేని కంపెనీ, ఒక పాత హాలు కిరాయికి తీసుకుని పది రోజుల్లో చుట్టేశారట. ఒకరోజు గారడీవాడు జ్వరమొచ్చి రాలేదు. టీ తెచ్చిన మా నాయినను నిలబెట్టి, నీకేమైనా వచ్చా అని అడిగారట. మా నాయినకు వచ్చింది ఒక్కటే, చిరుతలు. గజ్జెలు కట్టిన చెక్కలు చేతుల్లో పట్టుకుని వాయిస్తూ, పాడుతూ, గుండ్రంగా ఆడడం. చిన్నప్పటి నుంచి చిరుతల రామాయణం ఆడినవాడు. అదే ఆడాడట.

ఊళ్ళో వాళ్ళు ఇది కొంతవరకు వినేవాళ్ళు. యుద్ధం గెలిచిన దొరలు చేతిలో చీటీలు పట్టుకుని రొట్టె కోసం లైన్లో నిలబడ్డారు అనేసరికి నవ్వి లేచిపోయేవాళ్ళు. దొరలు లైన్లో నిలబడడమేంది, బక్కయ్య కోతలు కాకపోతే.

తొంభై ఒకటిలో నేను కండక్టర్ నుంచి చెకింగ్‌కు ప్రమోట్ అయ్యాను. ఇంట్లో దావత్ పెట్టాను. డిపో వాళ్ళు, మా బావమరిది ఉపేందర్, అత్తగారి వైపు పెద్దలు, అందరూ ఉన్నారు. మా నాయిన సంతోషంలో ఆ కథ ఎత్తుకున్నాడు. హాలు, ఎర్రముక్కు దొర, చిరుతలు, అంతా చెప్పి చివర ఆగాడు. అందరి మొహాలూ చూశాడు. నాకు కొత్త యూనిఫాం, కొత్త పొగరు. పదిమందిలో మా నాయిన అబద్ధాలకోరుగా కనబడుతున్నాడని సిగ్గు. చెయ్యి చాపి, "టికెట్ ఏదీ?" అన్నాను.

ఇల్లంతా నవ్వు. ఉపేందర్‌కు పొలమారింది. మా నాయిన కూడా కొంచెం నవ్వాడు. ఆ తర్వాత పన్నెండేళ్ళు బతికాడు కాని లండన్ అన్న మాట మళ్ళీ ఎత్తలేదు, చిరుతలు ముట్టలేదు. అమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. అదే బాధ.

అందుకని బుధవారం పది గంటలకు బయలుదేరాను. బ్లాక్ చేసిన నంబర్‌కు నేనే ఫోన్ చేసి ఆఫీసు ఎక్కడని అడిగితే, దిల్‌సుఖ్‌నగర్ మెట్రో పక్క సందు, కోచింగ్ సెంటర్ ఉన్న బిల్డింగ్‌లో నాలుగో అంతస్తు అంది. దొంగలు అడ్రస్ ఇవ్వరు అని ఒక మనసు. ఇచ్చారంటే పెద్ద దొంగలు అని ఇంకో మనసు. ఆధార్ ఇంట్లోనే పెట్టాను. ఫోన్‌లోంచి బ్యాంకు యాప్ తీసేశాను. ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కి, దిగి, ఆ బిల్డింగ్ ఎదుట టీ కొట్టులో అరగంట కూర్చుని ఎవరు ఎక్కుతున్నారో, ఎవరు దిగుతున్నారో చూశాను. పుస్తకాల సంచులతో పిల్లలు తప్ప ఎవరూ కనబడలేదు.

నాలుగో అంతస్తులో ఒక పొడుగాటి గది, ఇరవై మంది దాకా చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని కంప్యూటర్ల ముందు. జోస్నాకు పాతికేళ్ళుంటాయి. ముందు ఆమె చేతులు చూశాను. కీబోర్డు మీదే ఉన్నాయి, కిటికీ వైపు పోలేదు. చంపాపేట్‌లో ఉంటామని, వాళ్ళ నాన్న సుందరయ్య ఎలక్ట్రీషియన్ అని చెప్పింది. తామిక్కడ చేసేది దేశదేశాల సినిమాల్లో మాటలు విని తెర కింద అక్షరాలుగా వేసే పని. లండన్‌లో పాత సినిమాలు దాచే సంస్థ ఒకటి, వెయ్యి తొమ్మిది వందల నలభై ఎనిమిది నాటి ఒక ఆటపాటల సినిమాను శుభ్రం చేసి అక్షరాల కోసం వీళ్ళకు పంపింది. పేరు చెప్పింది కాని నాకు నోరు తిరగలేదు. అందులో ఒక మూడు నిమిషాల ముక్కకు అర్థం కాని భారతీయ మంత్రం అని వాళ్ళే రాసి పంపారు. ఆ మంత్రం విని జోస్నా కుర్చీలోంచి లేచిందట. అది మంత్రం కాదు, మన తెలుగు. అందులో ఊరి పేరు ఉంది, మనిషి పేరు ఉంది. పిట్టలగూడెం పంచాయతీకి ఫోన్ చేస్తే బక్కయ్య కొడుకు మన్సూరాబాద్‌లో ఉంటాడని నా నంబర్ ఇచ్చారు.

ఇందులో నీకేం వస్తుంది అని అడిగాను. నిలదీసినట్టే అడిగాను.

"నాకు తిట్లొస్తయ్ అంకుల్. మా సార్ మంత్రం అనే రాసి పంపమన్నడు. శుక్రవారం సాయంత్రం ఫైల్ పోతది. ఆడినోళ్ళ పేర్లల్ల మీ నాయినకు పేరు లేదు, గుర్తు తెలియని భారతీయుడు అని ఉంది. ఇంటోళ్ళు సంతకం పెడితే పేరు ఏస్తరు. లేకుంటే ఎప్పటికీ గంతే."

సార్ అంటే వంశీకృష్ణ, పక్క క్యాబిన్లో ఉన్నాడు. గుంటూరు వైపు మాట. నన్ను కూర్చోమని మర్యాదగా చెప్పి, చూడడం వరకైతే చూడండి కాని ఆ సినిమా బయటకు పోకూడదండీ, ఫోన్‌లో తీయకూడదండీ అన్నాడు. నా ఫోన్ తీసుకుని డ్రాయర్‌లో పెట్టాడు. నాకు మళ్ళీ అనుమానం. దొంగలే ముందు ఫోన్ లాక్కుంటారు.

తెర మీద నలుపూ తెలుపూ. వెనక గుడ్డ మీద గీసిన ఏనుగు, ఖర్జూరపు చెట్లు. ముందు ఒక మనిషి. తలపాగాకు నెమలీక, మొహానికి అతికించిన గడ్డం బొడ్డు దాకా. ఎవరో మహారాజు వేషం. చిరుతలు వాయిస్తున్నాడు. కాళ్ళు పడడం బాగుంది. కాని అది మా నాయినేనా అంటే ఎట్లా చెప్పను? ఇరవై ఏళ్ళ మా నాయినను నేనెప్పుడూ చూడలేదు. పైగా మా మనవడు మొన్నే నన్ను ఫోన్‌లో హీరోయిన్ పక్కన డాన్స్ చేయించాడు. కంప్యూటర్‌కు ఏఐ ఉంటే ఏనుగు పెళ్ళి కూడా చేస్తుంది. తెల్లనివన్నీ పాలు కావని జోస్నాతో అన్నాను. ఆ పిల్ల ముఖం ఎర్రబడింది. ఇంకొంచెం చూడండి అని మాత్రం అంది.

ఎర్రముక్కు దొర వచ్చాడు. మహారాజుకు సలాం చెయ్యడానికి తల మీది టోపీ ఎత్తబోయాడు. టోపీ లేవలేదు. టోపీ పైభాగం మాత్రం డబ్బా మూతలాగా వెనక్కి తెరుచుకుంది, లోపల్నుంచి ఒక బొమ్మ పిట్ట తల బయటపెట్టింది.

నా కుడిచేతి చూపుడువేలు చురుక్కుమంది.

మా ఊరి ఇంట్లో ఒక టోపీ ఉండేది. వంటింటి గూట్లో. పైన మూత, మూతకు వెనక చిన్న రేకు మడత. అమ్మ అందులో కోడిగుడ్లు దాచేది. ఐదారేళ్ళ వయసులో గుడ్డు తీయబోయి ఆ రేకు మడతలో వేలు ఇరికించుకుని ఊరంతా వినబడేట్టు ఏడ్చాను. ఆ టోపీ దొర ఇచ్చాడని మా నాయిన అనేవాడు. పెద్దయ్యాక నేను అది చోర్‌బజార్‌లో కొన్నదని తేల్చేశాను, చిరిగితే అమ్మే మూత పెట్టి కుట్టిందని అనుకున్నాను. తొంభై ఆరులో ఊరి ఇల్లు ఖాళీ చేసి మన్సూరాబాద్ వస్తుంటే పాత సామాన్లవాడి బండిలో నా చేత్తోనే వేశాను. మా నాయిన గడపలో నిలబడి చూశాడు. వద్దనలేదు. ఆ టోపీ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. ఏ పంచాయతీకీ, ఏ కంప్యూటర్‌కూ తెలియదు.

తెర మీద దొర ఆ టోపీ తీసి మహారాజు తలపాగా మీద పెట్టాడు. నవ్వులాటకు పెట్టాడు. కాని మా నాయినకు అది నవ్వులాట కాదు. మా వైపు ఆట మధ్యలో ఎవరైనా ఏదైనా ఇస్తే ఆట ఆపి, ఇచ్చినవాడి పేరు నలుగురికీ వినబడేట్టు చదవాలి, వాడి ఇంటిని దీవించాలి. చదవకపోతే ఇచ్చినవాణ్ణి అవమానించినట్టు. మా నాయిన చిరుతలు ఆపాడు. రెండు చేతులూ ఎత్తాడు. గొంతు మారుమోగింది.

"ఎర్రముక్కు దొరగారు టోపీ ఒకటి ఇచ్చిన్రు. పిట్టలగూడెం ఎల్లయ్య కొడుకు బక్కయ్య చదువుతున్నడు. దొరగారి బాయిల నీళ్ళు ఎండొద్దు. దొరగారి బర్లు, ఎడ్లు, మేకలు మంచిగుండాలె. వారి ఇల్లు..."

లండన్‌లో ఎర్రముక్కు పెట్టుకున్న ఆటగాడికి బర్రెలెక్కడివి, బావి ఎక్కడిది? రొట్టెకు చీటీ పట్టుకు నిలబడేవాడు. అయినా మా నాయిన ఒక్కటీ వదలకుండా దీవించాడు. దీవించి, వారి ఇల్లు అని ఆగిపోయాడు. చేతులు ఎత్తే ఉన్నాయి. కుడివైపు చూశాడు, ఎడమవైపు చూశాడు. చాలాసేపు ఆగాడు. తర్వాత బ్యాండు మోగింది, అక్కచెల్లెళ్ళు టకటకమంటూ వచ్చేశారు, అతన్ని పక్కకు నెట్టేశారు.

"ఇక్కడ ఏం మర్చిపోయిండో అర్థమైత లేదు అంకుల్," అంది జోస్నా. "మాటలు లేవు అని రాయాలె."

నాకూ మాట మర్చిపోయాడనే అనిపించింది. అప్పటికి నా బుర్ర పనిచెయ్యడం లేదు. సంతకం పెట్టమని ఆమె కాగితం జరిపింది. పెట్టలేకపోయాను. అది అనుమానం కాదు, భయం. మా అమ్మ వినకముందే నేను పెట్టకూడదు అనిపించింది. వంశీకృష్ణ దగ్గరికి వెళ్ళి మా అమ్మను తీసుకొస్తానన్నాను. బయటివాళ్ళను రానివ్వరండీ అన్నాడు మొదట. తర్వాత నా మొహం చూసి, అమ్మగారిని లిఫ్ట్‌లో తీసుకురండి, మెట్లు ఎక్కించకండి అన్నాడు.

ఇంటికొచ్చి దొంగలు కాదని మాత్రం అమ్మకు చెప్పాను. మిగతాది చెప్పలేదు. గురువారం ఆమెకు ఒంట్లో బాగాలేదు. ఆ రోజంతా నేను గడియారం చూస్తూ కూర్చున్నాను. శుక్రవారం మధ్యాహ్నం ఆటోలో తీసుకుపోయాను. అమ్మ కొత్త చీర కట్టుకుంది.

జోస్నా కుర్చీ వేసి, అమ్మమ్మా అంటూ హెడ్‌ఫోన్లు మెల్లగా పెట్టింది. నాకూ ఒక జత ఇచ్చింది. బొమ్మ అమ్మకు కనబడదు. చిరుతల మోత మొదలవగానే ఆమె బొటనవేలు చీర కుచ్చెళ్ళ మీద తాళం వేసింది. ఎర్రముక్కు దొర వచ్చాడు. టోపీ పెట్టాడు. మా నాయిన గొంతు వచ్చింది. అమ్మ పెదవులు బిగించి వింటోంది. బావి, బర్రెలు, ఎడ్లు, మేకలు. వారి ఇల్లు.

ఆగాడు.

"సల్లగుండాలె," అంది మా అమ్మ.

హెడ్‌ఫోన్లు పెట్టుకున్నవాళ్ళకు తమ గొంతు ఎంత పెద్దదో తెలియదు. గది మొత్తం తిరిగి చూసింది. నాకు అప్పుడు వెలిగింది. మా ఊళ్ళో చదివేవాడు వారి ఇల్లు అని ఆగుతాడు. చుట్టూ ఉన్న జనం సల్లగుండాలె అనాలి. అనేదాకా చేతులు దించకూడదు. నాకు తెలిసిన రివాజే, చిన్నప్పుడు నేను అరిచి మరీ అన్నదే. ఆ గడ్డం, ఆ ఏనుగు బొమ్మ చూసి మర్చిపోయాను. మా నాయిన ఏమీ మర్చిపోలేదు. ఎవరైనా ఆ మాట అంటారేమోనని చూస్తున్నాడు. అక్కడ అనేవాడు ఒక్కడూ లేడు.

హెడ్‌ఫోన్లు తీసి, అమ్మ కాళ్ళ దగ్గర కూర్చున్నాను. మోకాళ్ళ నొప్పి కూడా గుర్తుకు రాలేదు.

"అమ్మా, నాయిన దగ్గర టికెట్ ఉండె. పాత సామాన్ల బండిల నేనే ఏసిన."

అమ్మ చెయ్యి నా తల వెతుక్కుంది.

"టోపీదేముంది రా. అది సూపిచ్చినా నువ్వు నమ్మకపోతుంటివి. ఆయన అడిగింది గా ఒక్క మాటనే. నీ దావత్ నాడు గూడ వారి ఇల్లు అని గిట్లనే ఆగిండు. నువ్వు టికెట్ అడిగినవ్."

ఏడుపు ఆపుకోలేదు. ఆపుకోవాలని కూడా అనిపించలేదు. జోస్నా మంచినీళ్ళు తెచ్చింది. వాళ్ళ చర్చిలో పంట కానుకల రోజు ఎవరు గుమ్మడికాయ తెచ్చినా పేరు చదువుతారని, చదవకపోతే ఇచ్చినట్టే కాదని వాళ్ళమ్మ కృపమ్మ అంటుందని, అందుకే ఆ మంత్రం అన్న మాట తనకు నిద్ర పట్టనివ్వలేదని అమ్మకు చెప్పింది. సాయంత్రం నాలుగున్నర. ఐదింటికి ఫైల్ పోతుంది.

ఇంకొక్కసారి పెట్టమన్నాను. హెడ్‌ఫోన్లు వద్దు, అందరికీ వినబడేట్టు పెట్టమన్నాను. జోస్నా క్యాబిన్ వైపు చూసింది. వంశీకృష్ణ తల ఊపాడు. గదిలో టైపింగ్ ఆగిపోయింది. చిరుతలు మోగాయి, దొర వచ్చాడు, టోపీ ఎక్కింది. ఎల్లయ్య కొడుకు బక్కయ్య చదువుతున్నాడు. నేను లేచి నిలబడ్డాను. మా నాయిన చేతులెత్తి కుడివైపు చూశాడు, ఎడమవైపు చూశాడు.

"సల్లగుండాలె," అన్నాను. గది చివరి దాకా వినబడింది.

బ్యాండు మోగింది. జోస్నా కాగితం ముందుకు జరిపి, సంతకం ఎక్కడ పెట్టాలో వేలితో చూపించింది. ఆడిన మనిషి పేరు అన్నచోట పిట్టలగూడెం బక్కయ్య అని నేనే రాశాను. రాస్తూ అలవాటు కొద్దీ నా చెయ్యి చూసుకున్నాను. కాగితం మీదే ఉంది, కిటికీ వైపు పోలేదు.